స్నూకర్ బల్లకు ఇవతలి గీత

ఈ మధ్యాహ్నం మూడున్నరకు, బొగ్గుగని కార్మికులకోసం పుట్టిన మన స్కెల్‌బీ మైనర్స్ వెల్ఫేర్ క్లబ్బును అమ్మేయాలన్న తీర్మానం వీగిపోయింది. ముప్ఫై ఆరేళ్లుగా ఈ క్లబ్బుకు కార్యదర్శిగా ఉన్న క్లిఫర్డ్ ఆక్రాయిడ్ గారు పెట్టిన తీర్మానాల్లో ఓడిపోయిన మొదటిది ఇదే. ఈ రోజుతో ఆయన దిగిపోతున్నారు కాబట్టి చివరిదీ ఇదే. ముఖ్యమైన ముక్క ముందు చెప్పెయ్యాలని 'స్కెల్‌బీ కొరియర్' పత్రికలో నాకు మొదటిరోజే నేర్పారు. చెప్పేశాను. ఇక మర్యాదలు.

సభాధ్యక్షులు కౌన్సిలర్ రోడ్నీ ఫర్త్ గారికి నమస్కారం. నేను రాసిన వార్తల్లో ఆయన పేరు పక్కన మూడు వేర్వేరు పార్టీల పేర్లు కనిపిస్తాయి. తానెప్పుడూ మారలేదనీ, పార్టీలే తన చుట్టూ తిరుగుతున్నాయనీ ఆయన ఒకసారి నాతో అన్నారు. అదీ యథాతథంగా అచ్చువేశాం. (నవ్వులు) కమిటీ పెద్దలకు, గని బ్యాండులో ఇంకా ఊపిరి మిగిలిన వాళ్లకు, స్నూకర్ బల్ల వదిలి రానంటూ ఇప్పటికీ అక్కడే నిలబడి వింటున్న పెద్దమనుషులకు, వంటగది కిటికీలోంచి గరిటెతో సహా తొంగిచూస్తున్న నోరీన్ సగ్డెన్‌కూ ఆమె మందికీ నమస్కారాలు.

మరొకరికి కూడా చెప్పాలి. ఆ బల్లమీదున్న కేకుకు. క్లబ్బు ఆకారంలో చేయించారు, గుమ్మం, చిమ్నీ అన్నీ ఉన్నాయి. పైన 'వీడ్కోలు, స్కెల్‌బీ వెల్ఫేర్' అని రాయించారు. వీడ్కోలు క్లిఫర్డ్ గారికి కాదు, క్లబ్బుకు. ఓటు మధ్యాహ్నం అయితే కేకు పొద్దున్నే వచ్చింది. మన కమిటీకి సభ్యుల తీర్పు మీద ఎంత నమ్మకమో చూడండి. (నవ్వులు)

"ఏయ్ హేజెల్, కేకు సంగతి వదిలెయ్, అది నేను గీకేశాలే!"

అదిగో, నోరీన్ అంటోంది. నిజమే, ఇప్పుడు దానిమీద 'వెల్ఫేర్' ఒక్కటే మిగిలింది. దేశంలో అది మిగిలిన చోటు ఆ కేకు ఒక్కటేనేమో.

ఈ ఉపన్యాసం ఇవ్వమని నన్ను అడిగింది క్లిఫర్డ్ గారే. పోయిన నెల మార్కెట్ దగ్గర ఆపి, "నువ్వు మాట్లాడు పిల్లా. రోడ్నీ అయితే పొగుడుతాడు, నాకు వాంతి వస్తుంది. నువ్వు జరిగింది జరిగినట్టు చెప్తావు" అన్నారు. నాకు అరవై దాటాయి, ఆయన దృష్టిలో ఇంకా పిల్లనే. సరే, జరిగింది జరిగినట్టు చెప్తాను. అడిగి తెచ్చుకున్నది ఆయనే.

నేను ఈ క్లబ్బుకు మొదటిసారి వచ్చింది ఎనభై నాలుగు వసంతంలో, గనులు మూయొద్దని సమ్మె మొదలైన వారంలో. వచ్చానని అనకూడదు, గుమ్మం దాకా వచ్చాను. ఆడది లోపలికి రావాలంటే సభ్యుడైన మగవాడు ఎవరో ఒకరు బయటికొచ్చి, ఈమె నాతో వచ్చిందని సంతకం పెట్టాలి. అది వంద మైళ్ల చుట్టుపక్కల ప్రతి క్లబ్బులో ఉన్నదే, కొత్తేమీ కాదు. కానీ ఆ వారం మా పత్రిక సమ్మెకు వ్యతిరేకంగా సంపాదకీయం రాసింది, దాంతో నాకోసం సంతకం పెట్టడానికి ఒక్కడూ రాలేదు. వాన పడుతోంది. లోపలినుంచి సొంత బాబాయి నన్ను చూసి బీరు గ్లాసు వెనక మొహం దాచుకున్నాడు. చివరికి కమిటీలో కొత్తగా చేరిన ఒకాయన తలుపు తీశాడు. చొక్కా చేతులు మడిచి, మెడలో టైతో, అప్పటికే ఈ భవనమంతా తానే కట్టినట్టు మొహం పెట్టుకుని. వెనక్కి తిరిగి అరిచాడు:

"దీని పత్రిక చెత్తదేరా, నాకూ తెలుసు! కానీ ఇది ఎడ్నా టర్టన్ కూతురు. తడిసిపోతోంది, కనపడట్లా?"

సంతకం పెట్టాడు. నేను కృతజ్ఞతగా ఏదో అనబోయాను. వేలెత్తి ఆపేశాడు, ఈ క్లిఫర్డ్ ఆక్రాయిడే.

"చాల్లే. ఆ గీత కనిపిస్తోందా? దాన్ని దాటావంటే మళ్లీ వానలోకే."

ఆ గీత మీ అందరి కాళ్ల దగ్గరే ఉంది, చూసుకోండి. ఈ హాలును అడ్డంగా రెండుగా కోస్తూ, గోడ నుంచి గోడకు, అరచేతి వెడల్పున తెల్లరంగు. అటు స్నూకర్ బల్ల, బాణాల బోర్డు, మంచి కుర్చీలు, మగాళ్లు. ఇటు వేదిక, బింగో, చల్లగాలి, కుటుంబాలు. ఆడవాళ్లు గీత దాటకూడదు. మొగుడితో మాట్లాడాలంటే గీత అంచున నిలబడి పిలవాలి, ఆయనకు వినపడాలి, వినపడినా ఆట అయిపోవాలి. గీతకు ఇంకో ప్రయోజనం కూడా ఉంది, అదే ఇవాళ్టి కథకు అసలైంది. ఈ క్లబ్బులో ఓటు చేతులెత్తి వెయ్యరు. చేతులెత్తాలంటే గ్లాసులు కింద పెట్టాలి, ఆ పని మన మగాళ్లతో చేయించగల నాయకుడు ఇంకా పుట్టలేదు. (నవ్వులు) కాబట్టి తీర్మానానికి ఒప్పుకునేవాళ్లు గీత దాటి స్నూకర్ వైపుకు వెళ్తారు, ఒప్పుకోనివాళ్లు ఇటు ఉండిపోతారు, కార్యదర్శి మధ్యలో నిలబడి తలలు లెక్కపెడతాడు. బీరు బ్రాండు మార్చడం నుంచి సమ్మె విరాళం దాకా అన్నీ అలాగే తేలాయి.

ఇక్కడొక చిక్కు వచ్చింది. సమ్మె రెండో నెలకు ఊళ్లో పొయ్యిలు ఆరిపోయాయి. మా అమ్మ, నోరీన్, ఇంకా పాతికమంది ఆడవాళ్లు కలిసి క్లబ్బు వంటగదిలో ఊరందరికీ మధ్యాహ్నం భోజనం వండుతామన్నారు. కమిటీ ఎగిరి గంతేసింది. ఆ తర్వాత ఎవరికో గుర్తొచ్చింది, వంటగది తలుపు గీతకు అవతల ఉందని.

నేను కౌన్సిల్ సమావేశాలు రాశాను, విచారణ సంఘాల సమావేశాలు రాశాను, ఈ దేశం ఒక ఖండాన్ని వదిలెయ్యాలా వద్దా అని జనం కొట్టుకున్న సమావేశాలూ రాశాను. వాటిలో దేనిలోనూ, ఆ మూడు సాయంత్రాలు మన కమిటీ ఆలోచించినంత లోతుగా మనుషులు ఆలోచించగా చూడలేదు. బయట రోడ్డు మీద గుర్రాల పోలీసులు. లోపల చర్చ: ఆడవాళ్లు బంగాళదుంపల గిన్నెలతో గీత దాటితే అది దాటినట్టా, మోసినట్టా? గీత తీసేద్దామని ఒక్కడూ అనలేదు. చివరికి క్లిఫర్డ్ గారే పరిష్కారం కనిపెట్టారు. గీతను వంచారు. గని స్టోరు నుంచి తెల్లరంగు డబ్బా తెచ్చి, గోడ వెంట, స్నూకర్ బల్ల చుట్టూ, బాణాల బోర్డు కిందుగా, వంటగది గుమ్మం దాకా ఇరుకు సందొకటి గీశారు. ఇప్పుడు ఆడవాళ్లు వంటగదికి వెళ్లొచ్చు, గీత కూడా దాటినట్టు కాదు. బ్రిటిష్ రాజ్యాంగం రాసుకోలేదంటారు గానీ, రాసుకుంటే ఇలాగే ఉంటుంది. (నవ్వులు, చప్పట్లు)

ఆ సందులో ఇద్దరు పక్కపక్కన పట్టరు. నోరీన్ అప్పుడు కొత్త పెళ్లికూతురు. మరుగుతున్న కూర గిన్నె పట్టుకుని వెళ్తుంటే బాణాలు విసురుతున్న ఒకాయన మోచెయ్యి తగిలింది. నోరీన్, ఆ రోజు నువ్వేమన్నావో నువ్వే చెప్పు.

"'నీ మోచెయ్యి మా గీతలోకి వచ్చింది, తీస్తావా, కూర పొయ్యమంటావా?' అన్నా."

సరిగ్గా అదే. మా అమ్మ మాటా చెప్పాలి. లండన్ నుంచి వచ్చిన టీవీ అమ్మాయి మైకు పెట్టి, ఈ పోరాటంలో మీ అనుభూతి ఏమిటండీ అని అడిగింది. అమ్మ దుంపలు చెక్కడం ఆపకుండా అంది: "ఒక పక్కనుంచి ప్రభుత్వం నొక్కుతోంది, ఇంకో పక్కనుంచి మా కమిటీ నొక్కుతోంది. ఈ మధ్యలో దుంపలు ఉడకాలి. తప్పుకో తల్లీ." అది ప్రసారం కాలేదు. ఏడుస్తున్న వేరే ఎవరినో చూపించారు.

మరుసటి మార్చిలో బ్యాండు వాయించుకుంటూ మగాళ్లు గనికి తిరిగి వెళ్లారు. ఓడిపోయి వెళ్లారు, తల ఎత్తుకుని వెళ్లారు. నేను పక్కన నడుస్తూ రాసుకున్నాను. ఏడాదిపాటు ఊరికి అన్నం పెట్టిన ఆడవాళ్లు రోడ్డుకు రెండువైపులా పూలు పట్టుకుని నిలబడ్డారు. ఆ వారాంతంలోనే కమిటీ సమావేశమై తీసుకున్న మొదటి నిర్ణయం ఏమిటో తెలుసా? గీతను మళ్లీ తిన్నగా చేశారు.

(విరామం)

తర్వాతి ఏడాది క్లిఫర్డ్ గారు కార్యదర్శి అయ్యారు. ఆ తర్వాత గని మూసేశారు. గీతను మాత్రం ఎవరూ మూయలేదు.

అప్పటినుంచి ఈ ఊళ్లో ఏమేం మారాయో మీకు చెప్పక్కర్లేదు, మీరందరూ వాటి మీదుగానే నడిచి వచ్చారు. ప్రార్థనామందిరం తివాచీల దుకాణమైంది, ఆ తర్వాత చర్మం నల్లబరుచుకునే పార్లరైంది. మనుషులు ఇప్పటికీ అక్కడికి శుభ్రమైన మనసుతో వెళ్లి వేరే రంగులో బయటికొస్తున్నారు. గని మట్టిదిబ్బ మీద గడ్డి నాటి దానికి ప్రకృతివనం అని పేరు పెట్టారు. గని ఉన్నచోట గిడ్డంగి వచ్చింది. అందులో పనిచేసే మన కుర్రాళ్ల చేతికి కట్టిన యంత్రం వాళ్లు ఆగితే కూస్తుంది. గనిలో మేస్త్రీ కూడా అలా కూసేవాడు కాదు. మగాళ్లకు పని పోయింది, ఆడవాళ్లకు వచ్చింది: కుట్టు మిల్లు, ఫోన్లు ఎత్తే ఆఫీసు, ముసలివాళ్ల సంరక్షణ గృహం. ఇంటికి జీతం తెచ్చేది ఆమె, క్లబ్బు గుమ్మంలో సంతకం పెట్టి ఆమెను లోపలికి తెచ్చేది ఆయన. ఇరవై ఏళ్లు అలా నడిచింది. నవ్వకుండా నడిచింది.

రెండువేల ఏడులో క్లబ్బుల సంఘం పైనుంచి కబురు పంపింది, ఇక ఆడవాళ్లూ పూర్తి సభ్యులేనని. క్లిఫర్డ్ గారు ఆ కబురును నోటీసు బోర్డులో పెట్టారు, పావురాల పందేల ప్రకటనకు వెనకాల. (నవ్వులు) సభ్యత్వం తీసుకున్న రోజున గీత సంగతి ఏమిటని నేను అడిగితే, "అది చరిత్ర, చరిత్రను చెరపకూడదు" అన్నారు. అదే వేసవిలో ప్రభుత్వం లోపల పొగ తాగడం నిషేధించింది. దాంతో మగాళ్లందరూ సిగరెట్లు పట్టుకుని గుమ్మంలోకి, వానలోకి వెళ్లారు. మేం ఇరవై ఏళ్లు నిలబడిన చోట. మేం లోపల వెచ్చగా కూర్చుని కిటికీలోంచి చూశాం. నా వృత్తి జీవితంలో ప్రభుత్వం చేసిన పనుల్లో మనస్ఫూర్తిగా ఆనందించింది అదొక్కటే.

ఆ తర్వాత ఆ పెద్ద ఓటు వచ్చింది, ఐరోపాలో ఉండాలా వద్దా అని. లండన్ పత్రికలన్నీ తమ మనుషులను మన మీదికి పంపాయి. వాళ్లందరూ మూసేసిన అదే బూట్ల దుకాణానికి ఫోటో తీశారు, అదే చేపల కొట్టు బయట అదే టోపీ పెట్టుకున్న అదే పెద్దాయనను మాట్లాడించారు. ఆయన స్కెల్‌బీ మనిషి కాదు, చెల్లెలిని చూడ్డానికి వచ్చాడు. (నవ్వులు) ఆ వచ్చినవాళ్లలో ఎవరూ ఈ క్లబ్బులోకి రాలేదు. వచ్చి ఉంటే, దాటడమూ ఉండిపోవడమూ గురించి మనకు దేశం మొత్తంకంటే ఎక్కువ అనుభవం ఉందని తెలిసేది.

ఇక ఇవాళ్టి సంగతి. పైకప్పు కారుతోంది, నిజమే. ఇప్పుడు నేను మాట్లాడుతుంటే టప్ టప్ అంటున్న ఆ బకెట్ నా మాటలకు తాళం వేయడం లేదు. బీరు తాగేవాళ్లు తగ్గారు, నిజమే. కానీ వారంలో మూడు మధ్యాహ్నాలు, మగాళ్లు రాకముందు, నోరీన్ వంటగది నడుస్తోంది. గిడ్డంగిలో షిఫ్టు దొరకనివాళ్లు, ఒంటరి ముసలివాళ్లు, నెలాఖరున పిల్లలతో వచ్చే తల్లులు ఇక్కడే తింటున్నారు. క్లబ్బు పోతే ఆ వంటకు ఇంకో పొయ్యి లేదు. కొనడానికి వచ్చిన కంపెనీ ఇక్కడ ఖరీదైన ఫ్లాట్లు కడుతుందట, ప్రతి గుమ్మంలోనూ ఒక గనిదీపం వేలాడదీస్తుందట, మన జ్ఞాపకార్థం. ఇంత గౌరవం దొరుకుతుందని తెలిస్తే ముందే చచ్చిపోయేవాళ్లం.

మరి క్లిఫర్డ్ గారు ఎందుకు అమ్మాలన్నారు? పైకప్పు కోసమని ఆయన అందరికీ చెప్పారు. నాకు మాత్రం మార్కెట్ దగ్గర అసలు మాట చెప్పారు, రాయొద్దని కూడా అనలేదు: "నా తర్వాత కార్యదర్శి నోరీనే అవుతుంది. ఇది మగాళ్ల క్లబ్బుగా పుట్టింది, మగాళ్ల క్లబ్బుగానే పోనీ."

అదీ సంగతి. ఆయన ముందుగానే అందరినీ కదిపి చూశారు. మగాళ్లు దాదాపు అందరూ సరేనన్నారు, సభ్యులైనా ఇంతవరకూ ఏ ఓటుకూ రాని ఆడవాళ్లలోనూ సగంమంది సరేనన్నారు. కేకు అప్పుడే చెప్పి ఉంటారు. మధ్యాహ్నం ఆయన ఎప్పటిలాగే హాలు మధ్యలో నిలబడి, ఎప్పటిలాగే గొంతు సవరించుకుని, "అమ్మకానికి ఒప్పుకునేవాళ్లు గీత దాటి రండి" అన్నారు.

మగాళ్లు దాటారు. ఆడవాళ్లు ఒక్కరు కూడా దాటలేదు.

(చప్పట్లు)

ఆగండి, చప్పట్లు తర్వాత. నేను విలేకరిని, అడక్కుండా ఉండలేను. ఐరిస్ మిట్టన్ పక్కనే నిలబడి ఉంది, అమ్మెయ్యాలని వారంరోజులుగా అందరితో చెబుతున్న మనిషి. "ఏమైందే ఐరిస్?" అన్నాను. "నిజం చెప్తున్నా హేజెల్, నాకు అమ్మెయ్యాలనే ఉంది, ఈ చెమ్మకు నా మోకాళ్లు పోయాయి. కానీ ఆయన గీత దాటమనగానే కాళ్లు రాలేదే. జీవితమంతా దాటొద్దన్నదీ ఆయనే కదా" అంది. నోరీన్‌ను అడిగాను, మీరు కావాలని ఆగారా, అలవాటుగా ఆగారా అని. "మాకేం తెలుసు తల్లీ, మేం మర్యాద నేర్చినోళ్లం" అంది. ఆ మాట అన్నప్పుడు ఆమె మొహం ఎలా ఉందో నేను చెప్పను. నేను వాస్తవాలే రాస్తాను. నేనెక్కడ నిలబడ్డానంటారా, గుమ్మం దగ్గర. నాకు అక్కడే బాగుంటుంది.

ఇప్పుడు చెప్పేది ఇంతవరకూ మీలో చాలామంది వినలేదు, అందరినీ అడుగుతూ అప్పటికి హాలు మధ్యకు వచ్చాను కాబట్టి నేను విన్నాను. ఇటువైపు తలలే ఎక్కువని లెక్క తేలగానే అధ్యక్షులవారు క్లిఫర్డ్ గారి చెవిలో అన్నారు: "ఇది లెక్క కాదు క్లిఫ్. వాళ్లు అలవాటు కొద్దీ ఆగారు. చేతులెత్తించి మళ్లీ పెడదాం, గెలుస్తావు." గెలిచేవారే. ఐరిస్ లాంటివాళ్లు చాలామంది ఉన్నారు. రోడ్నీ గారూ, కుర్చీలో అలా జరగకండి, నిజమే కదా.

క్లిఫర్డ్ గారు ఆ గీతను చూశారు. అటువైపు నిలబడి గ్లాసులు పట్టుకున్న తనవాళ్లను చూశారు. "ఈ క్లబ్బులో చేతులెత్తరు, రోడ్నీ. గీతే లెక్క. నేను గెలిచినన్నాళ్లూ అదే లెక్క, ఇవాళ ఓడానని మార్చనా?" అన్నారు. గొంతు పెంచి ఫలితం ప్రకటించారు. తన క్లబ్బును, తను జీవితమంతా అడ్డుపడిన వాళ్ల చేతిలో పెట్టి కూర్చున్నారు.

నలభై ఏళ్లలో చాలా ఓట్లు చూశాను. గెలిచినవాళ్లు లెక్క సరిగ్గా ఉందని అనడమూ, ఓడినవాళ్లు లెక్క తప్పని అనడమూ చూశాను. ఓడినవాడే లెక్క సరిగ్గా ఉందని అనడం ఈ మధ్యాహ్నమే చూశాను.

(విరామం)

ఇంకొక్కటి. మా అమ్మ పోయినప్పుడు అంత్యక్రియల తర్వాత టీ ఇక్కడే పెట్టాం. మగాళ్లు రాకముందే వంటగదిలోకి చేరిపోయిన నోరీన్ వాళ్లు శాండ్‌విచ్‌లు చేశారు, ఇటువైపు వంద మంది ఉన్నాం. అప్పటికి ఆడవాళ్లకు సభ్యత్వం లేదు, వంచిన సందూ లేదు. తట్టలు ఎలా వస్తాయా అని నేను చూస్తున్నాను. అప్పటిదాకా జన్మలో తట్ట పట్టి ఎరగని ఒకాయన, నల్ల టైతో, వంటగదికీ గీతకూ మధ్య సాయంత్రమంతా తిరుగుతూ ప్రతి తట్టా తానే మోశాడు. గీత దగ్గర నాకు అందించేటప్పుడు, "మీ అమ్మ ఈ దారిన చాలాసార్లు నడిచింది" అన్నాడు. అంతే. గీత తీసేద్దామని మాత్రం అనలేదు. ఆ మనిషి మీద నాకు ఎంత కోపమో ఆ రోజునుంచీ సరిగ్గా తేల్చుకోలేకపోయాను. ఇవాళా తేలలేదు.

"తేల్చుకోవద్దులే పిల్లా, కేకు కోయనీ."

వస్తున్నానండీ క్లిఫర్డ్ గారూ, అయిపోయింది.

కార్యవర్గానికీ, ఓపికగా విన్న మీ అందరికీ, మాట కలిపిన బకెట్‌కూ కృతజ్ఞతలు. క్లిఫర్డ్ గారు రేపు పొద్దున్న బ్రిడ్లింగ్టన్‌లో చెల్లెలి దగ్గరికి, సముద్రం పక్కకు వెళ్లిపోతున్నారు. ఊరు విడిచివెళ్లినవాడు సభ్యుడు కాడన్న నియమం ఈ క్లబ్బులో ఉంది. గని మూసినప్పుడు, సమ్మెలో పని ఆపని పక్క కౌంటీ గనులకు వలసపోయినవాళ్ల మీద కోపంతో దాన్ని పెట్టింది ఆయనే, గీత దాటి గెలిపించుకున్నదీ ఆయనే. ఆయనకోసం దాన్ని మార్చమని నేను అడగను, అడిగితే ఆయనే ఒప్పుకోరు.

సోమవారం సాయంత్రం ఏడింటికి ఆయన అన్నట్టే కార్యదర్శి అవుతున్న నోరీన్ సగ్డెన్ ఆధ్వర్యంలో కొత్త కమిటీ మొదటిసారి కూర్చుంటుంది. మొదటి అంశం, ఆ గీత: ఉంచాలా, చెరపాలా, మళ్లీ వంచాలా. క్లిఫర్డ్ గారు చూడ్డానికి వస్తానన్నారు. సభ్యుడు కాని మనిషి లోపలికి రావాలంటే సభ్యులెవరో ఒకరు గుమ్మంలోకొచ్చి సంతకం పెట్టాలి. వాన పడుతుందని చెబుతున్నారు. నేను ఆరున్నరకల్లా అక్కడ ఉంటాను. అందాకా సెలవు.